పిడికెడు బియ్యం: సంఘంలో మొదలుపెట్టడం, ఆగకుండా నడపడం

పోయిన నెల డీనరీ (చుట్టుపక్కల పాస్టరేట్లు కలిసిన విభాగం) స్త్రీల మైత్రి (సంఘంలోని ఆడవాళ్ళ సమాజం) కూడిక అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే, పక్క పాస్టరేట్ (ఒక పాస్టరు కింది సంఘాలు) నుంచి వచ్చిన ఒక చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "వందనాలక్కా. మీ దగ్గర పిడికెడు బియ్యం పదకొండేండ్ల నుంచి నడుస్తుందంట గదా. మా దగ్గర మూడు నెలలకే ఆగిపోయింది. డబ్బాలు ఇచ్చినం, ప్రార్థన చేసినం, అయినా ఆగింది. ఏం చేయాల్నో చెప్పు" అంది. పిడికెడు బియ్యం అంటే, వండే ప్రతి పూటా ఒక పిడికెడు డబ్బాలో తీసి పెట్టి, నెలకోసారి గుడికి (చర్చికి) తెచ్చి, అవసరం ఉన్న ఇళ్ళకు పంచడం. బస్సు వేళ అయింది. నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకే ఇంటికొచ్చి కూర్చుని రాస్తున్నాను. ఆమె కోసం, ఆమెలాగే డబ్బాలు పంచి ఎదురుచూస్తున్న అక్కచెల్లెళ్ళందరి కోసం.

మాది డోర్నకల్ డయాసిస్‌లో (ఒక బిషప్ కింది ప్రాంతం) ఒక పల్లె క్రైస్తవ సంఘం. 46 కుటుంబాలు. సగానికి పైగా మిరప తోటల్లో, పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్ళే. నేను అంగన్‌వాడీ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. స్త్రీల మైత్రి సెక్రటరీ పని నా మీద పడి పదకొండేళ్ళు.

ఇది మేము కనిపెట్టిన పద్ధతి కాదు. మా అత్తమ్మ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. పిల్లలెవరూ దాన్ని ముట్టుకోకూడదు. పూటకో పిడికెడు అందులో పడేది, నెలకోసారి గుడికి వెళ్ళేది. మన డయాసిస్ ఎట్లా మొదలైందో గుర్తు చేసుకుంటే ఆ కుండకు అంత విలువ ఎందుకో తెలుస్తుంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారిని 1912 డిసెంబర్ 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు) సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేవరకు డోర్నకల్ బిషప్‌గానే ఉన్నారు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు, భూమి లేని కూలీలు. వీళ్ళు ఏమివ్వగలరు, వీళ్ళకే పెట్టాలి గానీ అని లోకం అనుకుంటుంటే, ఇవ్వడం ప్రతి విశ్వాసి పని అని ఆయన గట్టిగా బోధించారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యారు. పేరు మారింది. కుండ పోయి డబ్బా వచ్చింది. పిడికెడు మాత్రం అదే. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘం తల్లులు కూడా 1910 నుంచి ఇట్లాగే ప్రతి పూటా పిడికెడు తీసి పెడుతున్నారు. వాళ్ళ భాషలో దాన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు.

ఇక అసలు సంగతి. మూడు నెలలకు ఆగిపోయిన చోటల్లా ఒకటే కారణం చూశాను. ఇచ్చే ఇళ్ళు వేరు, తీసుకునే ఇళ్ళు వేరు అని గీత గీస్తారు. ఇది నాకు ఎవరో చెప్తే తెలియలేదు, తప్పు చేసి నేర్చుకున్నాను.

మొదటి సంవత్సరం 30 డబ్బాలు కొన్నాం. "ఉన్నవాళ్ళు" అనుకున్న ఇళ్ళకు ఇచ్చాం. మిగిలిన వాళ్ళ దగ్గర ఏం అడుగుతాంలే అనుకున్నాం. క్రిస్మస్ ముందు ఆదివారం ఆరాధన అయ్యాక, బలిపీఠం ముందు నిలబడి నేనే పేర్లు చదివాను. ఎనిమిది మంది విధవరాళ్ళు వరుసగా వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో బియ్యం సంచి, చీర. యవ్వనస్తులు ఫోన్లలో ఫొటోలు తీశారు. అంతా చక్కగా జరిగిందని ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను.

ఆ ఎనిమిది మందిలో ఒక పెద్దమ్మ తర్వాతి ఆదివారం గుడికి రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. నాలుగు వారాలు చూసి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో గోనెపట్టా పరుచుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను. చాలాసేపటికి అంది: "బిడ్డా, నలభై ఏండ్లు ఆ గుడి ఊడ్చిన. కానుక సంచిలో రూపాయో అర్ధో వెయ్యని ఆదివారం లేదు. నువ్వు నా పేరు పిలిచి చేతిలో సంచి పెట్టినవ్. ఇప్పుడు నేను గుడికొస్తే సంచి కోసం వచ్చినట్టే ఉంటది." నాకు నోట మాట రాలేదు. ఆమే మళ్ళీ అడిగింది. "అందరికీ డబ్బాలు ఇచ్చినవ్ గదా. నాకెందుకు ఇయ్యలే?"

ఆ ప్రశ్నతోనే మా పద్ధతి మొత్తం మారింది. మీరు మొదటి రోజే అక్కడ నుంచి మొదలుపెట్టండి. సంఘంలో పొయ్యి వెలిగే ప్రతి ఇంటికీ డబ్బా వెళ్ళాలి. పుచ్చుకునే ఇంటికి తప్పకుండా వెళ్ళాలి. భార్య పోయి ఒంటరిగా వండుకునే తాతకూ ఇవ్వండి, టౌన్‌లో రూమ్ తీసుకుని చదువుకునే పిల్లలకూ ఇవ్వండి. పాస్టరమ్మగారికి అందరికంటే ముందు ఇవ్వండి. ఆ పెద్దమ్మకు మర్నాడే ఒక డబ్బా పట్టుకెళ్ళాను. మరుసటి నెల మొదటి ఆదివారం, మొదటి గంట కూడా కొట్టకముందే ఆమె డబ్బా గుడి తలుపు దగ్గర ఉంది.

డబ్బాలన్నీ ఒకటే రకం కొనండి. రెండున్నర కిలోలు పట్టే, మూత గట్టిగా పడే స్టీలు డబ్బా మంచిది. ప్లాస్టిక్ వద్దు, ఎలుక కొరుకుతుంది. డబ్బా మీద పేరు రాయొద్దు, నంబరు వెయ్యొద్దు, రంగు గుర్తు పెట్టొద్దు. పేరు ఉంటే ఎవరి డబ్బా నిండింది, ఎవరిది సగం ఉంది అని చూస్తారు. చూడకపోయినా, చూస్తారేమోనని సగం డబ్బా ఉన్న తల్లి ఆ నెల తీసుకురావడమే మానేస్తుంది. అన్నీ ఒకటే రకం అయితే ఈ నెల నా ఇంట్లో ఉన్న డబ్బా వచ్చే నెల మీ ఇంట్లో ఉంటుంది. ఎవరిదో ఎవరికీ తెలియదు.

పిడికెడు ఎప్పుడు తియ్యాలనేది చిన్న సంగతి అనుకుంటారు గానీ, దీని మీదే చాలా ఆధారపడి ఉంది. ఎసరు పెట్టి, ఆ పూటకు సరిపడా బియ్యం గిన్నెలోకి కొలిచాక, కడగక ముందు, ఆ గిన్నెలోంచి తియ్యాలి. బియ్యం డ్రమ్ములోంచి కాదు. డ్రమ్ములోంచి తీస్తే మిగులులోంచి తీసినట్టు. గిన్నెలోంచి తీస్తే మా పళ్ళేల్లోంచి తీసినట్టు. అందరికీ తలా ఒక ముద్ద తగ్గుతుంది, అంతే, ఎవరికీ ఆకలి ఉండదు. కడిగాక తీస్తే తడి బియ్యం డబ్బాలో ముక్కిపోతుంది కాబట్టి అది అసలే కుదరదు. పిడికెడు అంటే పిడికెడే, వేళ్ళు మూస్తే లోపల నిలిచినంత. చారెడు కాదు, దోసెడు అంతకంటే కాదు. మొదటి వారం ఉత్సాహంలో దోసెడు పోసిన ఇల్లు రెండో నెలకు అలిసిపోతుంది. తీసేటప్పుడు ఒక్క మాట ప్రార్థన చెయ్యమని చెప్పండి, సంఘంలో ఒక ఇంటిని తలుచుకుని. నేను సండే స్కూల్ పిల్లలకు చెప్పి పెట్టాను. వంట వేళకు "అమ్మా, పిడికెడు" అని గుర్తు చేసేది వాళ్ళే. తల్లులు మరిచినా వాళ్ళు మరవరు.

లెక్క ముందే చూసుకోండి, లేకపోతే నిరాశ పడతారు. నా పిడికెడు కిరాణా కొట్లో కాటా మీద పెట్టి చూశాను, 38 గ్రాములు తూగింది. రెండు పూటలా తీస్తే నెలకు రెండు కిలోల పావు కంటే కాస్త ఎక్కువ. మా 46 ఇళ్ళూ ఒక్క పూట తప్పకుండా తీస్తే 105 కిలోలు కావాలి. ఎప్పుడూ రాలేదు. కొన్ని ఇళ్ళలో ఒక పూటే వండుతారు, చుట్టాలింటికి వెళ్తారు, జ్వరాలొస్తాయి, మర్చిపోతారు. మాకు వచ్చేది 55 నుంచి 60 కిలోలు. మీరూ లెక్కలో వచ్చిన దానికి సగమే వస్తుందని అనుకుని పంపకం వేసుకోండి. వచ్చినదాన్నంతా పంచేస్తే ఇక్కట్టు వేళకు చేతిలో ఏమీ ఉండదు.

నెల మొదటి ఆదివారం తీసుకురావాలి. కానుకల పాటలో డబ్బాలు పట్టుకుని ముందుకు రావడం మేము మొదట్లో చేశాం, తర్వాత మానేశాం. డబ్బా లేని చెయ్యి అందరికీ కనపడుతుంది. ఇప్పుడు గుడిలోకి వచ్చేటప్పుడు తలుపు పక్కన బల్ల మీద పెట్టేస్తారు. ఆరాధనకు ముందే యవ్వనస్తులు ఇద్దరు వాటిని ఒక పెద్ద గిన్నెలోకి వంచుతారు. ఆ గిన్నెను అయ్యగారు (పాస్టరు) కానుకలతో పాటు బలిపీఠం ముందు పెట్టి ప్రార్థిస్తారు. అందరిదీ కలిసి ఒకటే గిన్నె. రాలేని ముసలివాళ్ళ ఇళ్ళకు శనివారం సాయంత్రం పిల్లలు సైకిల్ మీద వెళ్ళి తెస్తారు. ఆరాధన అయ్యాక తూకం. కాటా దగ్గర కచ్చితంగా ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు.

బియ్యం కలగలుపు అవుతాయి. ఇది మొదట్లో మాకు పెద్ద చిక్కు. ఒకరు సన్నబియ్యం, ఒకరు రేషన్ దొడ్డు బియ్యం, ఒకరు పాతవి, ఒకరు కొత్తవి. కలిపి వండితే ఒకటి ఉడికేసరికి ఇంకొకటి పేస్టవుతుంది. రెండు గిన్నెలు పెట్టి చూశాం. అప్పుడు దొడ్డు గిన్నె వైపు వెళ్ళే మనిషి తల వంచుకుని వెళ్ళేది. ఒకే గిన్నె పెట్టి, కలిసిన బియ్యాన్ని పిండికీ, ఇడ్లీ రవ్వకూ, జావకూ వాడుకొమ్మని చెప్పాం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ షాపుల్లో కూడా మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి ఆ బాధ చాలావరకు తీరింది.

ఒక సంగతి చాలా జాగ్రత్తగా వినండి. డబ్బాల్లో వచ్చే బియ్యంలో రేషన్ బియ్యం ఉంటుంది. ఆ బియ్యాన్ని కొట్టువాడికి అమ్మి డబ్బు చేసుకోవద్దు. రేషన్ బియ్యం కొన్నా అమ్మినా నేరం, నిత్యావసర సరుకుల చట్టం, 1955 కింద కేసు అవుతుంది. గుడి పనికే కదా అంటే ఒప్పుకోరు. పిడికెడు బియ్యం బియ్యంగానే ఇంకొక ఇంటికి వెళ్ళాలి.

మరి రేషన్‌లో సన్నబియ్యమే వస్తుంటే ఇంకా ఈ డబ్బా ఎందుకని మా సంఘంలోనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటింటికీ వెళ్ళి చూశాం. కార్డులో పేరు ఎక్కని కోడలు ఉంది. వేలిముద్ర అరిగిపోయి మిషన్ మీద పడని ముసలమ్మలు ఉన్నారు. మిగిలిన చోట్ల బియ్యానికి కాదు, పప్పుకూ నూనెకూ కటకట. అప్పటి నుంచి బుధవారం నాడు బియ్యం బదులు పప్పు తియ్యమన్నాం. కందిపప్పు, పెసరపప్పు, ఏది ఉంటే అది, ఒక్క పిడికెడు, చిన్న సంచిలో వేరుగా. ఇప్పుడు ఇంటికి ఐదు కిలోల బియ్యం బదులు నాలుగు కిలోలు, దానితో పాటు కొంత పప్పు వెళ్తోంది. మీ ఊళ్ళో కటకట దేనికో ముందు కనుక్కోండి. మేము బియ్యం అని పట్టుకుని కూర్చున్న రెండు మూడు నెలలు కొన్ని ఇళ్ళల్లో మేమిచ్చిన బియ్యం పురుగు పట్టింది.

పురుగు మాట వచ్చింది కాబట్టి నిల్వ గురించి. స్టీలు డ్రమ్ము, కింద చెక్క పలక, గోడకు జానెడు ఎడం. నీడన బాగా ఎండిన వేపాకు మధ్య మధ్య వెయ్యండి. పచ్చి ఆకు వేస్తే చెమ్మ చేరుతుంది. పురుగు కనపడితే నీడలో చాపల మీద పలుచగా పరిచి జల్లించాలి. మండుటెండలో పోస్తే బియ్యం విరిగి నూకలవుతాయి. ధాన్యం గోదాముల్లో వేసే గోళీలు మాత్రం గుడి గదిలోకి తేవద్దు. అవి వదిలే గాలి మనుషుల ప్రాణం తీస్తుంది. పాత బియ్యం ముందు బయటికి వెళ్ళాలి, కొత్తవి అడుగున పడేటట్టు డ్రమ్ము తిరగెయ్యాలి. ఇంతకు మించి ఏమీ లేదు.

ఎవరికి ఇవ్వాలో ఎవరు నిర్ణయించాలి? అయ్యగారు ఒక్కరే కాదు. అయ్యగారి మీద గౌరవం లేక కాదు. ఆయన నాలుగైదేళ్ళలో బదిలీ మీద వెళ్తారు, కొత్తగా వచ్చే అయ్యగారికి ఏ ఇంట్లో ఏముందో తెలిసేసరికి ఏడాది పడుతుంది. సంఘ పెద్దలకూ వదలొద్దు, వాళ్ళకు చుట్టరికాలు, ఎన్నికలు ఉంటాయి. మాది ముగ్గురు స్త్రీల గుంపు. మా గుడికి రెండు వాడల వాళ్ళు వస్తారు, అందుకని వాడకొకరు. మూడో మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఈ బియ్యం తీసుకున్న మనిషి అయి ఉండాలి. ఈ మూడో నియమం మా అందరి కళ్ళూ తెరిపించింది. ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో ఆమెకు తెలిసినట్టు మాకు తెలియదు. అపొస్తలుల కాలంలోనే, అనుదిన పరిచర్యలో మా విధవరాళ్ళను చిన్నచూపు చూస్తున్నారని ఒక భాషవాళ్ళు సణిగారు. వాళ్ళు సణిగినందుకు అపొస్తలులు కోప్పడలేదు, ఆ పని చూసుకోవడానికి ఏడుగురిని ఏర్పరిచారు. మా దగ్గరా రెండో ఏడు "మా వాడకు తక్కువ పోతోంది" అన్న మాట వచ్చింది. లెక్క తీసి చూస్తే నిజమే. సరిచేశాం. అటువంటి మాట వస్తే నొచ్చుకోకుండా పుస్తకం తెరవండి.

ఇవ్వడానికి గుడి దగ్గరికి పిలవొద్దు. దీపాలు పెట్టే వేళకు ఇద్దరు ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళాలి. మామూలు చేతిసంచి, కూరగాయలకు తీసుకెళ్ళే రకం. సంఘం పేరున్న సంచి వద్దు. వెళ్ళగానే సంచి తియ్యకుండా కూర్చోండి, మంచినీళ్ళు ఇస్తే తాగండి, పిల్లల సంగతి అడగండి. లేచేటప్పుడు సంచి వంటింట్లో పెట్టి రండి. ప్రార్థన చెయ్యమంటే చెయ్యండి, అడక్కపోతే ఇంటికి వచ్చి చెయ్యండి. ఫొటో తియ్యకూడదు. ఒక్కటి కూడా, రిపోర్టు కోసం కూడా. స్త్రీల మైత్రి వార్షిక రిపోర్టుకు ఫొటో కావాలంటే మేము డ్రమ్ము ఫొటో పంపుతాం.

గుడికి వస్తేనే ఇస్తామన్న మెలిక ఎప్పుడూ పెట్టొద్దు. గుడికి రాని ఇళ్ళకు, మన విశ్వాసం కాని ఇళ్ళకు కూడా ఇవ్వండి. డ్రమ్ములో 20 కిలోలు ఎప్పుడూ తగ్గకుండా ఉంచుతాం, అది చావు ఇళ్ళకు. మనిషి పోయిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు, చుట్టాలు మాత్రం బండ్ల నిండా దిగుతారు. రెండేళ్ళ కిందట మా ఊళ్ళో ఒక రైతు కుటుంబంలో, వాళ్ళు మన సంఘం కాదు, కుర్రవాడు రోడ్డు మీద బండి ప్రమాదంలో పోయాడు. మధ్యాహ్నానికి పదిహేను కిలోల బియ్యం, రెండు కిలోల పప్పు వాళ్ళ పక్కింట్లో పెట్టి, మేమే నలుగురం వండి వచ్చాం. కరపత్రాలు పంచలేదు, వాక్యం చెప్పలేదు. ఆ తల్లి పక్కన కూర్చున్నాం. ఆ ఏడు కోత పండుగకు వాళ్ళ ఇంటి నుంచి ఒక బస్తా వడ్లు గుడి దగ్గర దిగాయి, ఎవరూ అడగలేదు.

జబ్బు పడిన ఇంటికి బియ్యం కంటే మనిషి తోడు ఎక్కువ అవసరం. ఆసుపత్రికి వెంట వెళ్ళడం, ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర కాగితాలు చూసుకోవడం, రాత్రి ఒకరు పడుకోవడం. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ 10 లక్షల వరకు పెంచారన్న సంగతి కూడా తెలియక వడ్డీకి తెచ్చుకునే ఇళ్ళున్నాయి. స్త్రీల మైత్రిలో చదువుకున్న అమ్మాయిలకు ఈ పని అప్పగించండి. డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగితేనే ఇవన్నీ మన చెవిన పడతాయి.

కోత పండుగ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఏడాది మొత్తంలో గుడికి సరుకు వచ్చేది ఆ రోజే. మొదటి వరి కంకులు, మిరపకాయల బుట్టలు, పత్తి, సొరకాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. గుడంతా చేను వాసన వేస్తుంది. ఆరాధన అయ్యాక వేలం. సొరకాయ కొట్టు ధరకు మూడింతలు, నాలుగింతలు పలుకుతుంది, పాడినవాళ్ళ ముఖం వెలిగిపోతుంది. ఆ సంతోషం చెడగొట్టమని చెప్పను. అయితే మూడు మార్పులు చేసుకోండి. మొదటిది, వడ్లు, బియ్యం, పప్పులు వేలానికి పెట్టొద్దు. పాట మొదలవక ముందే డ్రమ్ములోకి వెళ్ళిపోవాలి. కూరగాయలు, కోళ్ళు, నిల్వ ఉండనివి మాత్రమే పాడండి. రెండోది, ఏ పూట పాడింది ఆ పూటే కట్టాలి, లేదా వచ్చే ఆదివారం లోపు. మేము ఒక ఏడు చెవులు గింగురుమనేటట్టు పాడించాం, సంక్రాంతి దాటినా సగం డబ్బు రాలేదు. అడగలేక, వదల్లేక, చూస్తే ముఖాలు తిప్పుకునేదాకా వచ్చింది. మూడోది, సండే స్కూల్ పిల్లలు తెచ్చిన చిన్న చిన్న కానుకలు, నాలుగు నిమ్మకాయలు, ఒక గుడ్డు, ఇవి వేలంలో చివర పెట్టండి, పది రూపాయలకు మించి పాడొద్దని ముందే చెప్పండి. ఆ పది రూపాయల పాటలో వితంతు పెద్దమ్మలు గొంతెత్తి పాడతారు. మా గుడిలో ఆ పావుగంట కోసమే కొంతమంది వస్తారు.

శ్రమదినాల్లో (ఈస్టరుకు ముందు నలభై రోజులు) పిడికెడు కాకుండా ఒక పూట బియ్యం మొత్తం ఇచ్చేవాళ్ళు ఉంటారు. శుక్రవారం ఒక పూట ఉపవాసం ఉండి, ఆ పూట కొలత డబ్బాలో పోస్తారు. చెప్పి చేయించొద్దు. కూలికి పోయే మనిషికి, షుగరు ఉన్న మనిషికి ఉపవాసం మాట ఎత్తనే వద్దు.

పుస్తకాలు రెండు. ఒకటి తెరిచిన పుస్తకం: తేదీ, తూకం ఎంత వచ్చింది, ఎన్ని ఇళ్ళకు వెళ్ళింది, ఎన్ని కిలోలు, డ్రమ్ములో మిగిలింది ఎంత, ఇద్దరి సంతకాలు. దీన్ని నెల రెండో ఆదివారం ప్రకటనల్లో చదవాలి, ఒక్క నెల తప్పకుండా. "57 కిలోలు వచ్చింది, తొమ్మిది ఇళ్ళకు 36 కిలోలు, ఒక చావు ఇంటికి 10, డ్రమ్ములో పాతదీ కొత్తదీ కలిపి 31" అని చదివితే రెండు నిమిషాలు. పోయిన నెల చదవకపోతే ఈ నెల డబ్బాలు తగ్గుతాయి, ఇది నేను మళ్ళీ మళ్ళీ చూశాను. రెండోది మూసిన పుస్తకం, అందులో పేర్లు. అది ఒక్క మనిషి ఇంట్లో ఉంటుంది, అయ్యగారు అడిగితే చూస్తారు, ఇంకెవరూ చూడరు. డబ్బు రూపంలో వచ్చిందంతా పాస్టరేట్ ట్రెజరర్‌కు రసీదు మీద వెళ్ళాలి. పది రూపాయలైనా మన పర్సులో పెట్టుకోకూడదు.

ఒక ఇంటికి బియ్యం ఎన్నాళ్ళు ఇవ్వాలో గడువు పెట్టుకోవాలా? మేము ఆరు నెలలకోసారి ముగ్గురం కూర్చుని చూస్తాం. కొడుకుకు పని దొరికితే, పెన్షన్ మొదలైతే, చాలావరకు వాళ్ళే చెప్తారు. "ఇక మాకు వద్దమ్మా, ఫలానా ఇంటికివ్వండి" అంటారు. వాళ్ళ ఇంట్లో డబ్బా ఉంది కాబట్టే అట్లా అనగలుగుతారని నేను అనుకుంటాను. ముసలివాళ్ళకు, మంచం పట్టినవాళ్ళకు గడువు లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఒక ఆదివారం అయ్యగారితో మాట్లాడి డబ్బాలు ప్రార్థించి పంచండి. ఆ రోజు ఉపన్యాసాలు వద్దు, ఒక అమ్మ ముందుకొచ్చి గిన్నెలోంచి పిడికెడు ఎట్లా తియ్యాలో చూపిస్తే చాలు. మొదటి నెల వచ్చింది ఎంత తక్కువైనా చదవండి. మాకు మొదటి నెల వచ్చింది 11 కిలోలు.

చివరగా డబ్బాలు తిరిగి ఇచ్చే సంగతి. తూకం అయ్యాక కడిగి, తుడిచి, ఎండబెట్టి బల్ల మీద పెడతాం. ఇంటికి వెళ్ళేటప్పుడు చేతికి వచ్చినది తీసుకెళ్తారు. మన ఇళ్ళల్లో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపం కదా. అందుకని పెద్ద గిన్నెలోంచి నాలుగు గింజలు ప్రతి డబ్బా అడుగున వేసి మూత పెట్టడం ఆ పెద్దమ్మ మొదలుపెట్టింది. ఆమె పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు సండే స్కూల్ పిల్లలు వేస్తున్నారు, వరుసగా నిలబడి, ఒక్కో డబ్బాలో లెక్కపెట్టి నాలుగే.